చీటీ పోయింది, మాత్ర మిగిలింది: నిద్రమందుల నేపథ్యం

కర్నూలులో మందుల షాపుల దగ్గర కాసేపు నిలబడితే అప్పుడప్పుడు ఒకటి కనిపిస్తుంది. ఎమ్మిగనూరు నుంచో పత్తికొండ నుంచో వచ్చిన పెద్దావిడ కొంగుముడి విప్పి ఖాళీ షీటు ముక్క తీసి ఇస్తుంది. డాక్టరు రాసిన చీటీ ఎప్పుడో పోయింది. ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, మిగతా సగం కత్తెరకు పోయింది. "ఇవే నాయనా, నిద్రకు వేసుకునేవి" అంటుంది. చీటీ లేనిదే ఇవ్వమని చెప్పి పంపేసే షాపులు ఉన్నాయి. ముక్కను వెనక్కి తిప్పి చూసి, కొత్త షీటులోంచి పది మాత్రలు కత్తిరించి ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

ఆ మాత్ర చాలాసార్లు ఆల్ప్రజోలం. భర్త పోయినప్పుడో, వేరుశనగ పంట ఎండి అప్పులు మీద పడ్డప్పుడో, ఆపరేషన్ తర్వాత నిద్ర పట్టనప్పుడో ఎవరో కొన్ని రోజులకని రాసి ఉంటారు. మొదలుపెట్టమని చెప్పినవాళ్లు ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. ఆమెకు అలవాటైందంటే తప్పు ఆమెది కాదు. ఈ మందుల చరిత్ర చూస్తే ఆ తప్పు ఎక్కడెక్కడ జరుగుతూ వచ్చిందో తెలుస్తుంది.

1869లో జర్మనీలో క్లోరల్ హైడ్రేట్‌ను నిద్రమందుగా వాడడం మొదలైంది. కొన్నాళ్లకే అది లేకపోతే ఉండలేనివాళ్లు తయారయ్యారు. 1903లో జర్మన్ శాస్త్రవేత్తలు ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మెరింగ్ బార్బిటాల్ అనే నిద్రమందును ముందుకు తెచ్చారు, 1912లో ఫినోబార్బిటాల్ వచ్చింది. ఫినోబార్బిటాల్‌ను మూర్ఛకు ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో ఇస్తారు. నిద్ర కోసం వాడిన ఈ బార్బిచురేట్ల కుటుంబం మందులతో మాత్రం పెద్ద చిక్కు ఉంది. నిద్ర పుచ్చే మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ. 1962లో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో మరణానికి కారణమైన మందుల్లో ఒకటి ఈ కోవలోదే.

1960లో హాఫ్‌మన్-లా రోష్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన లిబ్రియం మార్కెట్లోకి వచ్చింది, 1963లో వాలియం (అసలు పేరు డయాజిపాం). ఇవి బెంజోడయాజపైన్లనే కొత్త కుటుంబం మందులు. ఒంటరిగా ఎక్కువ వేసుకున్నా బార్బిచురేట్లంత తొందరగా ప్రాణం తీయవు, కాబట్టి డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. అయితే హెచ్చరిక లిబ్రియం వచ్చిన మరుసటి ఏడాదే వచ్చింది. 1961లో అమెరికా వైద్యుడు లియో హాలిస్టర్ బృందం లిబ్రియంను పెద్ద మోతాదులో నెలల తరబడి వాడిన 11 మందికి దాన్ని ఒక్కసారిగా ఆపి, మందు లేని మాత్రలిచ్చి చూసింది. పదిమందికి వణుకు, ఆందోళన, నిద్రలేమి వంటి లక్షణాలు వచ్చాయి. ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి. అంత స్పష్టంగా తెలిసినా అమ్మకాలు ఆగలేదు. 1969 నుంచి 1982 దాకా అమెరికాలో డాక్టర్లు అన్నిటికన్నా ఎక్కువగా రాసిన మందు వాలియమే. అదే మందును మన దేశంలో రాన్‌బాక్సీ 1960ల చివర్లో కాంపోజ్ పేరుతో తెచ్చింది. ఆ కంపెనీ నిలదొక్కుకున్నదే దానితో. 1981లో అమెరికాలో ఇదే కుటుంబానికి చెందిన ఆల్ప్రజోలం వచ్చింది. ఇవేవీ రెండు నుంచి నాలుగు వారాలు మించి రాయవద్దని బ్రిటన్‌లో మందుల భద్రతా కమిటీ డాక్టర్లకు చెప్పింది 1988లో. తర్వాత వచ్చిన నిద్రమందు జోల్పిడెం ఈ కుటుంబం కాదు కాబట్టి బెడద లేదన్నారు. దానికీ అలవాటు పడుతున్నారు.

అలవాటు ఎలా పడుతుందంటే, మెదడులో నరాల ఉద్రేకాన్ని తగ్గించే గాబా అనే రసాయనం ఉంది. ఈ మందులు దాని పనిని పెంచుతాయి. రోజూ మాత్ర పడుతుంటే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుని, సొంతంగా శాంతించడం తగ్గించుకుంటుంది. మాత్ర మానేసిన రాత్రి ముందుకన్నా ఘోరంగా నిద్ర పట్టదు, గుండె దడ, చెమటలు. అది మందు ఆపినందువల్ల అని ఎవరూ చెప్పరు కాబట్టి, "జబ్బు తిరగబెట్టింది" అనుకుని ఇంట్లోవాళ్లే మళ్లీ మాత్ర చేతికిస్తారు. నా దృష్టిలో ఈ కథంతటికీ కీలకం ఈ పొరపాటే. ఏళ్లు గడిచేకొద్దీ మతిమరుపు, పగటి మత్తు వస్తాయి. రాత్రి బాత్రూముకు లేచి తూలి పడి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లను "వయసు మీద పడింది" అని వదిలేస్తాం. వాళ్లు రాత్రి వేసుకునే మాత్ర ఏమిటో కూడా చూడాలి.

తెలియకుండా వేసుకునేవాళ్లూ ఉన్నారు. కడుపులో మంట, గ్యాస్, విరేచనాల ఇబ్బందికి రాసే కొన్ని మాత్రల్లో క్లోర్‌డయాజిపాక్సైడ్ కలిసి ఉంటుంది. అది మరేదో కాదు, 1960 నాటి లిబ్రియమే. కడుపుకని వేసుకుంటున్నాననుకునే మనిషికి, అది మానితే మనసు ఎందుకు నిలవదో ఎలా తెలుస్తుంది?

ఇంకో దారి కల్లు. డాక్టర్లు దాదాపు వదిలేసిన క్లోరల్ హైడ్రేట్ మన ప్రాంతాల్లో కల్తీ కల్లులోకి చేరింది. ఆ తర్వాత డయాజిపాం, ఆల్ప్రజోలం కూడా. కర్నూలులో తుంగభద్ర దాటితే తెలంగాణే. 2015లో అక్కడ కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు, రోజూ తాగేవాళ్లు ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో, లేనివి ఉన్నట్టు చూస్తూ ఆసుపత్రులకు వచ్చారు. ఏం తాగుతున్నారో, ఏది ఆగిందో వాళ్లకే తెలియదు.

చట్టం లేక కాదు. మత్తుమందులను నియంత్రించే 1985 ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి ఈ మందులు వస్తాయి. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితాలో ఆల్ప్రజోలం, డయాజిపాం, నైట్రాజిపాం, జోల్పిడెం ఉన్నాయి. ఆ జాబితాలో మందు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలిచ్చారో విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. చీటీ లేకుండా కత్తిరించి ఇచ్చిన పది మాత్రలు ఏ రిజిస్టరులోనూ కనపడవు. చీటీ రాసే డాక్టరు దగ్గర కూడా చిక్కుంది. దుఃఖానికీ దిగులుకూ మాటతో చేసే వైద్యం దొరకనిచోట మాత్రే మిగులుతుంది. పక్కనున్న బళ్లారిలోనే 1980ల్లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు పల్లె ఆరోగ్య కేంద్రాల్లోనే మానసిక వైద్యం అందించవచ్చని చేసి చూపించారు. దేశమంతటి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. అది ప్రతి పల్లె ఆరోగ్య కేంద్రంలోనూ బలంగా నడిచి ఉంటే ఇంతమంది మాత్ర మీదే ఆధారపడేవారు కాదని నా నమ్మకం.

2020లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ బెంజోడయాజపైన్లన్నిటి మీదా వ్యసనం, మానితే వచ్చే ప్రమాదాల గురించి పెట్టె గీసి ముద్రించే హెచ్చరిక తప్పనిసరి చేసింది. ఈ మందులు మద్యంతోగానీ, ట్రమడాల్ వంటి నొప్పి మందులతోగానీ కలిస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

ఇది చదివి ఎవరూ ఈ రాత్రే అమ్మ చేతిలో మాత్ర లాగేసుకోవద్దు. ఏళ్లుగా వాడినవాళ్లకు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున మోతాదు తగ్గిస్తారు, శరీరం ఓర్చుకోకపోతే ఇంకా నెమ్మదిగా. నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.