కరోనా అని చెప్పొద్దన్నవాళ్ళే కరోనా అని రాసిమ్మన్నారు

2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు రాష్ట్రాల వారీగా ఒక లెక్క వచ్చింది. అప్పటికి తెలంగాణ ప్రభుత్వం ఒప్పుకున్న కరోనా మరణాలు 3,993. కరోనాతో మా ఇంట్లో మనిషి పోయాడు, 50 వేల సాయం ఇవ్వండి అంటూ వచ్చిన దరఖాస్తులు దాదాపు 29 వేలు. ఆంధ్రప్రదేశ్‌లో పద్నాలుగున్నర వేల మరణాలకు 36 వేల పైచిలుకు, గుజరాత్‌లో 10 వేల మరణాలకు 89 వేల పైన. డబ్బులిస్తామంటే దొంగ దరఖాస్తులు రాకుండా ఉంటాయా అని చాలామంది అన్నారు, నిజమే, కొన్ని వచ్చాయి కూడా. కానీ ఆ దరఖాస్తులను పరిశీలించింది జిల్లాల్లో ప్రభుత్వం వేసిన కమిటీలే. ఆ కమిటీలు పాస్ చేసినవి కూడా బులెటిన్లలో చూపించిన మరణాల కంటే కొన్ని రెట్లు ఎక్కువున్నాయి. గుజరాత్ ఒక్కటే 68 వేలకు పైగా ఒప్పుకుంది. అంటే రోజూ సాయంత్రం టీవీలో చెప్పిన సంఖ్య ఒకటి, అదే ప్రభుత్వం తర్వాత చెక్కులు రాసిచ్చిన సంఖ్య ఇంకొకటి. ఇంత తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే 2020 నుంచి మొదలుపెట్టాలి, మధ్యలో ఒకసారి 1918 దాకా కూడా వెళ్ళాలి.

2020 వేసవిలో కరోనా అన్నమాట రోగం పేరులా కాకుండా కేసు పెట్టినట్టు వినిపించేది. ఇంటికి స్టిక్కర్, వీధికి కర్రలు కట్టి రెడ్ జోన్, అంబులెన్సు వస్తే కిటికీల్లోంచి ఫోన్లతో వీడియోలు. ఆ ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక డాక్టరు చెన్నైలో కరోనాతో చనిపోతే శ్మశానం దగ్గర జనం అడ్డుపడ్డారు. జూన్‌లో శ్రీకాకుళం జిల్లా పలాసలో దారిలో కుప్పకూలి చనిపోయిన ఒక పెద్దాయన మృతదేహాన్ని కరోనా అనుమానంతో జేసీబీ తొట్టిలో వేసి తీసుకెళ్ళారు. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది, మున్సిపల్ అధికారులను సస్పెండ్ చేశారు. అయితే ఆ వీడియో చూసిన ప్రతి ఇంట్లో జరిగిన ఆలోచన మాత్రం ఒక్కటే: మనింట్లో ఎవరికన్నా జ్వరం వస్తే ఎవరికీ చెప్పకూడదు. చెబితే పాలవాడు రాడు, పనివాళ్ళు రారు, కూతురి సంబంధం ఆగిపోతుంది, చావుకి నలుగురు కూడా దొరకరు. టెస్టుకు వెళ్ళకుండా ఇంట్లోనే ఆవిరి పట్టుకుని, డోలో వేసుకుని గడిపేసిన కుటుంబాలు ఎన్నో. ఆ జనాన్ని తెలివితక్కువ వాళ్ళని తిట్టడం నాకు నచ్చదు. వాళ్ళు చూసినదాన్ని బట్టి ఆ నిర్ణయం సరైనదే.

దాచింది జనం మాత్రమే కాదు. తెలంగాణలో మొదటి నెలల్లో చనిపోయినవాళ్ళకు టెస్టులు చేయొద్దన్న ఆదేశాలు వచ్చాయి. ఆసుపత్రిలో చనిపోయినవాళ్ళకు టెస్టు చేశాకే మృతదేహం అప్పగించాలని 2020 మేలో హైకోర్టు చెప్పింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకెళ్ళి దానిమీద స్టే తెచ్చుకుంది. అక్కడితో ఆగలేదు. తెలంగాణ రోజువారీ బులెటిన్‌లో మరణాల కింద ఇంకో లెక్క కూడా ఉండేది: కరోనా వల్ల పోయినవాళ్ళు ఇంత శాతం, ఇతర జబ్బులు ఉండి పోయినవాళ్ళు ఇంత శాతం. షుగరు, బీపీ ఉన్న మనిషి కరోనా సోకి ఊపిరాడక చనిపోతే అది సగం కరోనా, సగం షుగరు అన్నట్టుగా. అప్పటికే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి, పాత జబ్బులను మరణానికి మూల కారణంగా రాయొద్దని. కానీ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు ఫారం నింపేటప్పుడు ఏం రాస్తాడన్నది మార్గదర్శకాల కంటే పైవాళ్ళు ఏం ఆశిస్తున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది.

ఆ ఫారం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవంతా దాంట్లోనే ఉంది. ఆసుపత్రిలో మనిషి చనిపోతే డాక్టరు నింపేది ఫారం 4, ఇంటి దగ్గర చనిపోతే అంతవరకు వైద్యం చేసిన డాక్టరు నింపాల్సింది ఫారం 4ఎ. అందులో కారణాన్ని మెట్లుమెట్లుగా రాయాలి: చివరిగా ప్రాణం తీసింది ఏమిటి, అది దేనివల్ల వచ్చింది, దానికి కూడా మూలం ఏమిటి. కరోనా రోగి విషయంలో మొదటి గీత మీద శ్వాస ఆగిపోవడం, రెండో గీత మీద న్యుమోనియా, మూడో గీత మీద కొవిడ్ రావాలి. చాలా కాగితాల మీద మొదటి గీత మాత్రమే నిండింది. "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్", అంతే. గుండె, ఊపిరి ఆగకుండా ఎవరు చనిపోతారు?

ఇంకో విచిత్రం ఏమిటంటే, పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మనకిచ్చే మరణ ధ్రువపత్రం మీద మరణ కారణం అసలు ఉండదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది, బయటివాళ్ళకిచ్చే కాపీలో కారణం వెల్లడించకూడదని. మనిషి ఏ రోగంతో పోయాడో లోకానికి తెలియనక్కర్లేదన్న మంచి ఉద్దేశంతోనే పెట్టుంటారు. 2021లో మాత్రం లక్షల కుటుంబాలు ఆ కాగితం పట్టుకుని ఆఫీసులకెళ్ళి, ఇందులో కరోనా అని ఎక్కడుంది అనిపించుకుని వెనక్కొచ్చాయి.

అసలు మన దగ్గర చావుకి కారణం రాసే అలవాటే సరిగా లేదు, ఇప్పుడు కొత్తగా పోయిందేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఊరి జనన మరణాల రిజిస్టరు గ్రామ మునసబు దగ్గర ఉండేది. ఆయన డాక్టరు కాదు, కలరా, మశూచి అయితే చూసి గుర్తుపడతాడు, మిగతావన్నీ "జ్వరాలు" అన్న గడిలో వేసేవాడు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి దేశాన్ని ఊడ్చేసినప్పుడు ఆ చావుల్లో చాలాభాగం ఆ జ్వరాల గడిలోనే పడ్డాయి. ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ అంచనాలే, కోటీ ఇరవై లక్షలన్నవాళ్ళున్నారు, రెండు కోట్ల దగ్గరికి తీసుకెళ్ళినవాళ్ళున్నారు. గట్టిగా తెలిసింది ఒక్కటే, 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగలేదు సరికదా కాస్త తగ్గింది. జనాభా లెక్కల చరిత్రలో అలా తగ్గిన దశాబ్దం అదొక్కటే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసింది, రిజిస్టరు చేతులు మారుతూ చివరికి పంచాయతీ కార్యదర్శి దగ్గరికొచ్చింది. ఆయనా డాక్టరు కాదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసినవి 22.5 శాతమే. మిగతా నాలుగింట మూడొంతులకు పైగా చావులకి "వయసైపోయింది", "జ్వరమొచ్చింది", "గుండెపోటు" అని ఇంట్లోవాళ్ళు చెప్పిందే కారణం, అది కూడా అడిగితే.

ఇలాంటి వ్యవస్థ మీదకు 2021 ఏప్రిల్, మే వచ్చాయి.

రెండో వేవ్‌లో తెలుగు పల్లెల్లో వినిపించిన జబ్బు పేరు కరోనా కాదు, టైఫాయిడ్. జ్వరం రాగానే ఆర్ఎంపీ దగ్గరికెళితే ఆయన ల్యాబుకి రాస్తాడు, విడాల్ టెస్టులో ఏదో కాస్త పాజిటివ్ అనొస్తుంది, సెలైన్ ఎక్కించి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. కరోనా అనే మాట రాకపోతే అందరికీ నిమ్మళం: రోగికి, ఇంట్లోవాళ్ళకి, ఆర్ఎంపీకి కూడా. అయిదారు రోజులకి ఆయాసం మొదలయ్యాక పక్క టౌనుకి తీసుకెళతారు. ఆర్‌టీపీసీఆర్ ఫలితం రావడానికి రోజులు పడుతోంది, అందుకని నేరుగా సీటీ స్కాన్. అప్పట్లో ఎవర్ని పలకరించినా ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరే చెప్పేవాళ్ళు, "మా బాబాయికి 25కి 16 వచ్చిందట". కోరాడ్స్ 5 అంటే స్కానులో కరోనా దాదాపు ఖాయమన్న గుర్తని పదో తరగతి చదివినవాళ్ళకు కూడా తెలిసిపోయింది. ఆ స్కాను చూసి బెడ్ ఇచ్చేవాళ్ళు, రెమ్‌డెసివిర్ తెచ్చుకోమని రాసిచ్చేవాళ్ళు, అడ్వాన్సు కట్టించుకునేవాళ్ళు. వైద్యానికి పనికొచ్చిన ఆ స్కాను ప్రభుత్వ లెక్కకి మాత్రం పనికిరాలేదు, ఎందుకంటే బులెటిన్‌లోకి వెళ్ళేది టెస్టు పాజిటివ్ వచ్చినవాళ్ళే.

ఆక్సిజన్ సంగతి సరేసరి. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై ప్రెజర్ పడిపోయి 11 మంది చనిపోయారని ప్రకటించారు, ఆ తర్వాత ప్రభుత్వమే కోర్టులో 23 మంది అంది. జులైలో కేంద్రం రాజ్యసభలో, ఆక్సిజన్ లేక చనిపోయినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా ఏమీ నివేదించలేదని చెప్పింది. దేశమంతా సిలిండర్ల కోసం పరిగెత్తిన రెండు నెలలకే ఈ మాట! ఆగస్టులో రాష్ట్రాలను మళ్ళీ అడిగితే, వెంటిలేటర్ మీద ఉన్న కొందరు అలా పోయి ఉండొచ్చని అనుమానంగానైనా ఒప్పుకున్న ఒకటీ అరా రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఆ మే నెలలోనే ఆంధ్రప్రదేశ్‌లో అన్ని కారణాలతో నమోదైన మరణాలు లక్ష దాటాయి, మామూలు మే నెల కంటే నాలుగైదు రెట్లు. అదే నెల కరోనా మరణాలని బులెటిన్ చూపించింది మూడు వేల లోపే.

ఇక డబ్బు దగ్గరికొద్దాం. 2020 మార్చి 14న కేంద్ర హోంశాఖ కరోనాను విపత్తుగా గుర్తిస్తూ, చనిపోయినవాళ్ళ కుటుంబానికి 4 లక్షలు ఇవ్వొచ్చని రాష్ట్రాలకు ఉత్తర్వు పంపింది. అదే రోజు ఇంకో ఉత్తర్వు వచ్చింది, అందులో ఆ 4 లక్షల ముక్క లేదు. వరదలో కొట్టుకుపోయినా, పిడుగు పడినా ఇచ్చే మొత్తమే అది. ఏడాది గడిచాక ఆ ఉత్తర్వు పట్టుకుని సుప్రీంకోర్టుకు పిటిషన్లు వెళ్ళాయి. మరణాలు లక్షల్లో ఉన్నాయి, ఒక్కొక్కరికి 4 లక్షలంటే నిధులు చాలవని కేంద్రం వాదించింది. 2021 జూన్ 30న తీర్పొచ్చింది: విపత్తు నిర్వహణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రాణనష్టానికి సాయం నిర్ణయించడం తప్పనిసరి, ఎంతన్నది మాత్రం మీరే తేల్చండి, మరణ పత్రాల విధానం కూడా సులువు చేయండి అని. సెప్టెంబరులో 50 వేలు అని తేల్చారు, అది కూడా రాష్ట్రాల విపత్తు నిధి నుంచే.

50 వేలు అంటే అప్పటికి ప్రైవేటు ఐసీయూలో ఒకట్రెండు రోజుల బిల్లు. అయినా ఆ నియమాలు ఒక మేలు చేశాయి. టెస్టులో పాజిటివ్ వచ్చినా, ఆసుపత్రిలో వైద్య పరీక్షల ద్వారా కరోనా అని తేల్చినా, ఆ రోజు నుంచి 30 రోజుల్లోపు చనిపోతే కరోనా మరణమే. ఇంటి దగ్గర పోయినా సరే. ఆసుపత్రిలో ఉండగా 30 రోజులు దాటి పోయినా సరే. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో ఆత్మహత్య చేసుకున్నా సరే. ధ్రువపత్రంలో వేరే కారణం ఉందని తిరస్కరించడానికి వీల్లేదు. అభ్యంతరాలుంటే జిల్లా కమిటీ చూస్తుంది.

అప్పుడు మొదలైంది వెతుకులాట. తెలంగాణలో మీసేవలో దరఖాస్తు పెట్టమన్నారు, ఏపీలో జిల్లా అధికారుల దగ్గర. ఏడాది కిందట ఎవరి కంటా పడకూడదని చింపేసిన టెస్టు కాగితం కోసం బీరువాలన్నీ దులిపారు, ఫోన్లో పాత మెసేజీలు తిరగేశారు. "మాకు కరోనా ఏం లేదండీ, లివర్ పాడైంది" అని ఊరంతా చెప్పిన ఇల్లాలే మీసేవ కిటికీ దగ్గర నిలబడి "కరోనాతోనే పోయాడు సార్, రాసియ్యండి" అని బతిమాలాల్సి వచ్చింది. టెస్టు చేయించుకున్నవాళ్ళకు ఎంతో కొంత దారి దొరికింది. టైఫాయిడ్ అనుకుని ఆర్ఎంపీ సెలైన్లతోనే ఇంట్లో పోయినవాళ్ళ కుటుంబాలకు చూపించడానికి చీటీ కూడా లేదు. కూలీలు, చిన్న రైతులు ఎక్కువగా ఉన్నది ఆ రెండో గుంపులోనే కాబట్టి సాయం అవసరం ఎక్కువున్నచోటికే తక్కువ చేరింది. ఆ విషయం గురించి కోర్టుల్లో గానీ పేపర్లలో గానీ రావాల్సినంత చర్చ రాలేదు.

పాసైన దరఖాస్తులకు కూడా డబ్బులు పడటం ఇంకో కథ. 2022 జనవరి నాటికి ఏపీలో డబ్బు అందింది 11 వేల చిల్లర మందికే. సుప్రీంకోర్టు కోప్పడి ఏపీ, బీహార్ చీఫ్ సెక్రటరీలను హాజరవమంది. ఆ పైన ఏపీ విపత్తు నిధిలోని 1,100 కోట్ల రూపాయలను ప్రభుత్వ శాఖల పర్సనల్ డిపాజిట్ ఖాతాలకు మళ్ళించారన్న వివాదం వచ్చింది, 2022 జులైలో ఆ డబ్బు వెనక్కి వేయమని కోర్టు ఆదేశించింది. మధ్యలో మార్చి నెలలో కేంద్రం దొంగ దరఖాస్తుల అనుమానం లేవనెత్తితే ఏపీ, గుజరాత్, కేరళ, మహారాష్ట్రల్లో 5 శాతం దరఖాస్తులు తనిఖీ చేసుకోవడానికి కోర్టు అనుమతి కూడా ఇచ్చింది.

మొత్తం మీద ఎంతమంది పోయారు? 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020, 2021 రెండేళ్ళకు కలిపి భారతదేశంలో అదనపు మరణాలు 47 లక్షలని అంచనా వేసింది, అధికారిక సంఖ్య అప్పటికి 5 లక్షల పైచిలుకు. లెక్కగట్టిన పద్ధతే తప్పని కేంద్రం కొట్టిపారేసింది. మరి మన సొంత లెక్క ఏదంటే, 2021 నాటి పౌర నమోదు నివేదిక 2025 మే దాకా బయటికి రాలేదు. వచ్చాక చూస్తే 2019లో 76 లక్షలు, 2020లో 81 లక్షలుగా ఉన్న నమోదైన మరణాలు 2021లో కోటీ రెండు లక్షలయ్యాయి. ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరిగాయి. నమోదు మెరుగైందని కొంత తీసేసినా ఆ పెరుగుదల అంతటినీ దాంతో సరిపెట్టలేం. డాక్టర్లు కారణం రాసిన మరణాల్లోనే 2021లో 4 లక్షల 13 వేలు కరోనా ఖాతాలో ఉన్నాయి, ఆ ఏడాది బులెటిన్లన్నీ కలిపినా అంత రావు. పైగా అది నాలుగో వంతు కూడా లేని ముక్కలోని లెక్క.

2023లో ఆ 1969 చట్టాన్ని సవరించారు. ఆసుపత్రిలో పోతే కారణం రాసిన పత్రం రిజిస్ట్రారుకు పంపి, ఒక కాపీ దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి. అయితే ఆర్ఎంపీ దగ్గర మందులు వాడుతూ ఇంట్లో పోయినవాళ్ళకు ఫారం 4ఎ రాసే అర్హత ఆయనకు లేదు, రాయగల డాక్టరు ఆ మనిషిని చూసి ఉండడు. అక్కడ కారణం గడి ఇప్పటికీ ఇంట్లోవాళ్ళు చెప్పిన మాటతోనే నిండుతోంది.