పోడు ఎందుకు పెరుగుతోంది: అపోహలు, వాస్తవాలు

అటవీ హక్కుల దరఖాస్తుల కోసం అచ్చంపేట, అమ్రాబాద్, లింగాల వైపు పొలాలు కొలుస్తూ తిరుగుతుంటాను. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఇది. దీని అంచున పోడు కొట్టి, అంటే అడవి నరికి సాగు చేసి, బతికే రైతు గురించి పట్నంలో వినే మాటలు బాధ కలిగిస్తాయి.

అపోహ: అడవిని నరికేది చెంచులు.

కాదు. వాళ్ల బతుకు తేనె, తపసి బంక, గడ్డలు. చెట్టు పోతే ముందు పోయేది వాళ్ల కూడే.

అపోహ: పోడు వదిలేస్తే అడవి మళ్లీ లేస్తుంది.

అది తాతలనాటి పోడు. కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు జొన్నో కొర్రో తీసి ఇంకో చోటికి పోయేవాళ్లు. ఇప్పుడు వేసేది పత్తి. ట్రాక్టరుతో దున్నితే మోడు వేళ్లతో సహా లేచొస్తుంది, ఇక చిగురించేదేముంది?

అపోహ: అంతా రైతు దురాశ.

పట్టా రాని పోడు రైతుకు పాసుబుక్కు లేదు. అది లేనిదే బ్యాంకు పంట రుణం ఇవ్వదు. విత్తనం, ఎరువు, మందు అన్నీ షావుకారు దగ్గర ఉద్దెర, పత్తి ఆయనకే తూకం వెయ్యాలి. దిగుబడి తగ్గిన ఏడు అప్పు తీరాలంటే ఇంకో అరెకరం కావాలి. ఒక తండాలో రైతు చేను చివరికి తీసుకెళ్లి చూపించాడు. నల్లమద్ది మాను చుట్టూ జానెడు వెడల్పున బెరడు చెక్కి ఉంది, ఆకు ఇంకా పచ్చగానే ఉంది. ఎండాక కొడతారు. "పొద ఉంటే పందులు అండ్లనే పంటయి సారూ, తెల్లారేసరికి చేనంత పోతది" అన్నాడు. పందుల భయానికి పొద, నీడ పడుతుందని చెట్టు. ఏడాదికి రెండు మూడు సాళ్లు లోపలికి.

అపోహ: పట్టాలిస్తే అడవి మిగలదు.

2006 అటవీ హక్కుల చట్టం కొత్తగా నరకమని చెప్పలేదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే హక్కు, అదీ నాలుగు హెక్టార్ల లోపే, అమ్మే వీల్లేదు. గిరిజనేతరులైతే ఆ తేదీకి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవిని నమ్ముకుని అక్కడే ఉన్నట్టు చూపాలి. నేను చూసినంతలో గొడ్డలి లేచేది పట్టా చేతికొచ్చాక కాదు, "మళ్లీ సర్వే ఉందట" అనే పుకారు పుట్టినప్పుడు, ఫైలు కదలనప్పుడు. నేను కొలిచి పంపిన ఒక దరఖాస్తు ఆఫీసులో మూడేళ్లు పడి ఉంది. మళ్లీ కొలవమంటే వెళ్లాను. తూర్పు హద్దని నేను రాసుకున్న ఇప్పచెట్టు నడిచేనులో ఉంది. పువ్వు ఏరుకుంటారు కాబట్టి దాన్ని కొట్టలేదు. దాని అవతల కూడా పత్తి.