డబ్ల్యూటీవోలో చేరితే తిండి మీద హక్కు పోతుందా? అపోహలు - వాస్తవాలు

పసిఫిక్ దీవుల్లో ఆహార విధానాల మీద పనిచేస్తుంటాను. దేశాల మధ్య వ్యాపారానికి నిబంధనలు పెట్టే ప్రపంచ వాణిజ్య సంస్థే డబ్ల్యూటీవో. ఏ మీటింగ్‌కి వెళ్లినా ఎవరో ఒకరు అంటారు: "డబ్ల్యూటీవోలో చేరాం కదండీ, ఇక మన చేతుల్లో ఏముంది?"

అపోహ: ఒప్పందంలో ఉంటే ఒంటికి చేటు చేసే తిండిని ఆపలేం.

వాస్తవం: ఆపొచ్చు. ఆపలేం అనేవాళ్లు సమోవాను రుజువుగా చూపిస్తారు, అది సగం కథే. కొవ్వు దట్టంగా ఉండే టర్కీ కోడి తోకలు అమెరికా నుంచి చవగ్గా దిగుతుంటే సమోవా 2007లో నిషేధించింది. 2012లో సభ్యత్వం కోసం ఆ నిషేధం ఎత్తేయడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. కానీ అది చేరేటప్పటి బేరం. బయట నిలబడ్డవాడిని లోపలివాళ్లు ఏ షరతైనా అడగొచ్చు.

ఫిజీ 1996 నుంచే సభ్యదేశం. 2000లో ల్యాంబ్ ఫ్లాప్స్, అంటే గొర్రె పొట్ట దగ్గరి కొవ్వు మాంసం అమ్మకాన్ని ఆపేసింది. ఏ దేశపు గొర్రెదైనా సరే, అమ్మకూడదు. న్యూజిలాండ్ గొణిగింది గానీ కేసు వేయలేదు. స్వదేశీకో రూలు, విదేశీకో రూలు లేకుండా రాయడంలోనే ఉంది కిటుకంతా. పైగా ఆరోగ్యం కోసం మినహాయింపు గ్యాట్ (సరుకుల వ్యాపారం మీద డబ్ల్యూటీవో ఒప్పందం) 20వ అధికరణంలోనే ఉంది.

నష్టమంతా భయంతోనే. ఒక దేశంలో (పేరెందుకు) తీపి డ్రింకుల పన్ను ముసాయిదా సిద్ధమయ్యాక దిగుమతిదారుల నుంచి ఒక ఉత్తరం వచ్చింది: "డబ్ల్యూటీవోకి జవాబు చెప్పుకోవాల్సి ఉంటుంది." ఏ నిబంధనో అందులో లేదు. ఫైలు మూలకెళ్లింది. నాకు ఒళ్లు మండింది. డబ్ల్యూటీవోలో కేసు వేయాల్సింది ప్రభుత్వాలు, కంపెనీలు కాదు! టోంగా కూడా సభ్యదేశమే, 2013లో తీపి డ్రింకుల మీద పన్ను వేసింది. సిగరెట్ పెట్టెల మీద బ్రాండు డిజైన్లు తీసేయించిన ఆస్ట్రేలియా మీద నిజంగానే కేసులు పడ్డాయి, 2020 నాటికి అదే గెలిచింది. పెట్టుబడుల ఒప్పందాల్లో మాత్రం కంపెనీలే కేసు వేసే వీలుండొచ్చు, వాటిని విడిగా చదవాలి.

అపోహ: నిషేధిస్తే జబ్బులు తగ్గిపోతాయి.

వాస్తవం: చేపా, కందగడ్డా ఖరీదుగా ఉన్నంతకాలం జనం ఇంకో చవక మాంసానికి మారతారు. అంతే.

అపోహ: ఒప్పందంతో మందులు ఆగిపోతాయి.

వాస్తవం: బాగా వెనకబడిన దేశాలకు మందుల పేటెంట్ల నుంచి 2033 దాకా మినహాయింపు ఉంది. ఫిజీ ఆ జాబితాలో లేదు, కానీ అక్కడా సంతకం పెట్టగానే మందులేం ఆగిపోవు. ఫిజీలోని లంబాసా పట్టణంలో ఒక పెద్దావిడ, తాతలు మద్రాసు రేవు నుంచి చెరకు తోటలకొచ్చిన తెలుగు కుటుంబం, పేసర్ ప్లస్ (ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో పసిఫిక్ దీవుల వాణిజ్య ఒప్పందం) వల్ల బీపీ మాత్రలు రావట కదా అని ఫిజీ హిందీలో అడిగింది. వారం రోజులుగా నిద్ర లేదట పాపం. ఫిజీ అందులో చేరనే లేదని చెప్పినా నమ్మలేదు. చీటీ తీసుకుని క్లినిక్‌కి తోడు వెళ్లాను. ఆర్డరు ఆలస్యంగా పెట్టారట, సరుకు ఓడలో ఉందట.