చేతిమిషన్ మీద కట్టిన నాడీ సంకేతం

1951లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ కంప్యూటర్‌ను మార్పుల కోసం కొన్ని నెలలు ఆపేశారు. అక్కడి నాడీ శాస్త్రవేత్త ఆండ్రూ హక్స్‌లీ అంతదాకా ఆగలేకపోయారు. చేత్తో పిడి తిప్పే బ్రన్స్‌విగా లెక్కల మిషన్ ముందేసుకుని, నరంలో సంకేతం ఎలా పరుగెడుతుందో అంకె తర్వాత అంకె కట్టుకుంటూ పోయారు. మూడు వారాలు పట్టింది. మెదడును కంప్యూటర్ నమూనాలతో అర్థం చేసుకునే నేటి శాస్త్రానికి ఆ లెక్కే గట్టి పునాది.

లెక్కకు కావాల్సిన కొలతలు స్క్విడ్ అనే సముద్రజీవి నుంచి వచ్చాయి. దాని ఒంట్లో ఒక నాడీతంతువు సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది, లోపలికి సన్నని తీగ దూర్చవచ్చు. సహచర శాస్త్రవేత్త అలన్ హాడ్జ్‌కిన్, హక్స్‌లీ కలిసి ఇంగ్లండ్‌లోని ప్లిమత్ తీరంలోని ల్యాబ్‌లో ఆ పనే చేశారు. తంతువు పొర దగ్గర వోల్టేజి మారకుండా పట్టి ఉంచి, సోడియం ఎంత లోపలికొస్తోంది, పొటాషియం ఎంత బయటికి పోతోంది అని విడివిడిగా తేల్చారు. మామూలుగా సంకేతం పోయేటప్పుడు సోడియం గబగబా చొరబడి వోల్టేజిని పెంచి, కాసేపట్లో దానంతటదే ఆగిపోతోంది. పొటాషియం కాస్త ఆలస్యంగా కదిలి వోల్టేజిని మళ్లీ దించుతోంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల వ్యవహారం.

నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది తర్వాతి సంగతి. వోల్టేజిని పట్టి ఉంచారు కాబట్టి ఆ కొలతల్లో సంకేతం ఎటూ ప్రయాణించలేదు. అయినా వాటి నుంచి రాసిన సమీకరణాలకు తంతువు మందం, లోపలి పదార్థపు నిరోధం జోడిస్తే, సంకేతం సెకనుకు 18.8 మీటర్ల వేగంతో పోవాలని తేలింది. అసలు తంతువులో కొలిస్తే 21.2 మీటర్లు!

పొటాషియం లెక్క కుదరడానికి ఒక రాశిని నాలుగో ఘాతానికి ఎత్తాల్సి వచ్చింది. నాలుగు చిన్న భాగాలు ఒకేసారి అనుకూలిస్తేనే పొరలో పొటాషియం పోయే దారి తెరుచుకుంటుందన్నట్టు. 1952లో పేపర్లు అచ్చయ్యేనాటికి ఆ దారుల్ని కళ్లారా చూసినవాళ్లు లేరు. లెక్క కుదిరినంత మాత్రాన లోపల జరిగేది ఇదేనని నమ్మేయొద్దని వాళ్లే రాశారు. 1998లో రోడెరిక్ మెకినన్ బృందం ఒక బ్యాక్టీరియాలోని అలాంటి దారి, అంటే పొటాషియం ఛానెల్ రూపాన్ని ఎక్స్‌రేలతో బయటపెట్టింది. ఒక రంధ్రం, చుట్టూ ఒకేలాంటి నాలుగు భాగాలు. మన నరాల్లో వోల్టేజికి తెరుచుకునే పొటాషియం ఛానెళ్లలోనూ భాగాలు నాలుగే.

మనిషి మెదడులో న్యూరాన్లు, అంటే నాడీకణాలు, సుమారు 8,600 కోట్లు. అందుకే పెద్ద నెట్‌వర్క్‌ల నమూనాల్లో చాలాసార్లు ఈ వివరాలన్నీ వదిలేసి, వోల్టేజి హద్దు దాటితే సంకేతం వెలువడుతుందన్న చిన్న సూత్రంతో సరిపెడతారు. జబ్బుల విషయంలో మాత్రం అలా సరిపెడితే కుదరదు. పిల్లల్లో కొన్ని రకాల మూర్ఛకు సోడియం ఛానెల్ జన్యువులోని లోపమే కారణం. ఆ లోపంతో ఛానెల్ తెరుచుకోవడంలో, మూసుకోవడంలో ఏం తేడా వచ్చిందో పరిశోధకులు ల్యాబ్‌లో కొలుస్తారు. అదే తేడాను హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సమీకరణాల్లో పెట్టి, న్యూరాన్ ఎక్కడ అదుపు తప్పుతోందో వెతుకుతారు.