పసిబిడ్డ మూత్రపిండ వాపు: పైలోప్లాస్టీ వెనుక కథ

అయిదో నెలలో తీసిన టిఫా స్కాన్ చూసి, బిడ్డ మూత్రపిండానికి నీరు చేరిందని డాక్టరు చెప్పగానే తల్లిదండ్రులు భయంతో అడిగే మొదటి ప్రశ్న ఆపరేషన్ గురించే. నిజానికి ఇలాంటి వాపుల్లో ఎక్కువ భాగం వాటంతట అవే సర్దుకుంటాయి. సర్దుకోని వాటికి ముఖ్య కారణం మూత్రం చేరే మూత్రపిండపు గిన్నె నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళం మొదలయ్యే చోట పుట్టుకతో వచ్చిన ఇరుకు. వైద్యులు దీన్ని పీయూజే అడ్డంకి అంటారు.

దీన్ని సరిచేసేందుకు 1886లో జర్మన్ సర్జన్ ట్రెండలెన్‌బర్గ్ చేసిన ప్రయత్నంలో రోగి దక్కలేదు. 1891లో మరో జర్మన్ సర్జన్ క్యూస్టర్ దగ్గరికి వచ్చిన పదమూడేళ్ల కుర్రవాడికి ఉన్నది ఒకే మూత్రపిండం. దాన్ని తీసేసే వీలే లేదు గనుక ఆయన నాళాన్ని కోసి మళ్లీ గిన్నెకు కుట్టాడు, కుర్రవాడు బతికాడు. నేటికీ ప్రామాణికంగా నిలిచిన పద్ధతిని 1949లో బ్రిటిష్ సర్జన్లు ఆండర్సన్, హైన్స్ ప్రచురించారు. విశేషమేమిటంటే, వారు దాన్ని మొదట వాడింది పెద్ద సిర వెనుకగా సాగిన మూత్రనాళాన్ని సరిచేయడానికి. ఇరుకు ముక్కను తీసేసి, అగ్గిపుల్లంత సన్నని నాళపు మూతిని నిలువుగా చీల్చి వెడల్పు చేసి, మూత్రం సులువుగా జారేలా గిన్నె అడుగు భాగానికి వెంట్రుకంత దారంతో కుట్టడమే పైలోప్లాస్టీ అనే ఈ శస్త్రచికిత్స.

పూర్వం నడుము నొప్పితోనో, కడుపులో గడ్డతోనో, మూత్రంలో చీముతోనో పిల్లలు ఆసుపత్రికి వచ్చేవారు. అల్ట్రాసౌండ్ వచ్చాక ఏ బాధా లేని శిశువుల్లోనూ వాపు కనబడసాగింది, దాంతో ఆపరేషన్ ఎలా చేయాలన్నదాని కంటే అసలు ఎవరికి చేయాలన్నది పెద్ద చర్చ అయింది. లండన్‌లో పిల్లల మూత్రపిండ సర్జన్ రాన్‌స్లే బృందం 1990లో ప్రచురించిన అనుభవం ప్రకారం, పనితీరు బాగున్న మూత్రపిండాలను గమనిస్తూ ఉంటే చాలామందికి కత్తి అవసరమే రాలేదు. 1993 నుంచి లాపరోస్కోపీ తోడై కోత చిన్నదైంది గానీ, ఆ ప్రశ్న అలాగే ఉంది.

రెండు మూత్రపిండాల్లో ఒక్కోటి ఎంత వాటా పని చేస్తోందో చూపే పరీక్ష అయిన రీనోగ్రామ్‌లో ఆ వైపు పనితీరు 40 శాతం కంటే తగ్గితే, లేదా వాపు పెరుగుతూ పోతే చాలామంది నిపుణులు శస్త్రచికిత్స వైపు మొగ్గుతారు. ఎదురుచూడడం కూడా చికిత్సే. అయితే అది గడువు తప్పకుండా స్కాన్లు చేయించినంతవరకే. బిడ్డ బొద్దుగా ఆడుకుంటున్నాడు కదా అని స్కాన్ మానేసే కుటుంబాల గురించే నా బెంగ: ఏ నొప్పీ లేకుండానే మూత్రపిండం పనితీరు పడిపోవచ్చు, ఒకసారి పడిపోయింది ఆపరేషన్ తర్వాత పూర్తిగా తిరిగివస్తుందన్న హామీ లేదు.