బండి బ్యాటరీ షాక్ కొడుతుందా? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తుంటాను. బానెట్ ఎత్తగానే బండి తెచ్చినవాళ్లు అనే మాటలు ఇవి.

అపోహ: "బ్యాటరీ ముట్టుకోవద్దన్నా, షాక్ కొడతాది."

వాస్తవం: కారు బ్యాటరీ 12 వోల్టులు. ఇంజను ఆపితే మీటర్లో 12.6 చూపిస్తుంది, నడుస్తుంటే 14 దాటుతుంది. లారీలో రెండు కలిపి 24. పొడి చర్మం దాటి ఒంట్లోకి కరెంటు పారాలంటే 12 చాలదు. చేతికి చెమటో, గాయమో ఉంటే కాస్త చురుక్కుమంటుంది.

అపోహ: "వందల ఆంపియర్లు ఇస్తుంది కదా, మనిషి పోడా?"

వాస్తవం: ఇది చదువుకున్నవాళ్లే ఎక్కువ అడుగుతారు. వందల ఆంపియర్లు బ్యాటరీ ఇవ్వగలదు, నిజమే. ఎంత పారుతుందనేది దారిలో ఉన్న అడ్డును బట్టి ఉంటుంది. మన ఒళ్లు పెద్ద అడ్డు. ఇనుము, రాగి, బంగారం అడ్డే కావు, అసలు ప్రమాదం అక్కడే. ప్లస్ నట్టు విప్పుతుంటే స్పానర్ రెండో కొస మైనస్ కలిపి ఉండే బండి బాడీకి తగిలిందా, తెల్లటి మెరుపు మెరిసి స్పానర్ అంచు కరిగి గుంట పడుతుంది. మధ్యలో కొండ మీద కొన్న రాగి కడియమో, వెంకన్న ఉంగరమో ఇరుక్కుంటే క్షణాల్లో కాలిపోతుంది, కింద చర్మం కూడా. మా షాపులో కుర్రాళ్లకు మొదటిరోజే చెబుతాను: కడియం, ఉంగరం, వాచీ తీసి పక్కన పెట్టాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. మైనస్ విప్పేశాక ప్లస్ మీది స్పానర్ బాడీకి తగిలినా షార్ట్ అవదు.

అపోహ: "రబ్బరు చెప్పులున్నాయిలే."

వాస్తవం: ఈ కరెంటు నేలకు పోదు, మైనస్‌కే పోతుంది. చెప్పులు ఏం చేస్తాయి?

అపోహ: "జంపర్ పెట్టేటప్పుడు నిప్పురవ్వలు మామూలే."

వాస్తవం: జంపర్ అంటే డౌనైన బ్యాటరీకి ఇంకో బండి బ్యాటరీ నుంచి కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేయడం. ఛార్జ్ అయ్యే బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. పక్కనే రవ్వ పడితే బ్యాటరీ పేలి యాసిడ్ ముఖాన కొడుతుంది. అందుకే చివరి మైనస్ క్లిప్పు డౌనైన బ్యాటరీకి కాకుండా, దూరంగా అదే బండి ఇంజను ఇనుముకు తగిలించాలి. యాసిడ్ కంట్లో పడితే కనీసం పావుగంట నీళ్లతో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

అపోహ: "అయితే పెట్రోలు బండిలో షాకే లేదన్నమాట."

వాస్తవం: ఉంది. ప్లగ్గులో రవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ అదే 12ని 20 వేల వోల్టులు దాటిస్తుంది. దెబ్బ క్షణమే, కానీ ఉలిక్కిపడి లాక్కున్న చెయ్యి తిరిగే ఫ్యాన్‌లో పడొచ్చు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఇంజను నడుస్తుంటే అటువైపు రాకూడదు. ఫోన్లకోసం పెట్టుకునే ఇన్వర్టర్ ఇచ్చేది 230, ఇంట్లో ప్లగ్గు ఎంతో అదీ అంతే.

అపోహ: "బ్యాటరీ బండ్లూ అంతేగా."

వాస్తవం: కాదు. స్కూటర్లు సాధారణంగా 48 నుంచి 72 వోల్టులు. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటు 60 వోల్టులు దాటిందంటే ప్రమాదం కిందే లెక్క. కార్లలో, మన తిరుమల ఘాట్ ఎక్కే ఎలక్ట్రిక్ బస్సుల్లో వందల వోల్టులు. తాళం తీసేసినా కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచే ఉంటుంది. ఆ వందల వోల్టులు పారే ఆరెంజ్ రంగు కేబుల్ కనిపిస్తే నేను మూత మళ్లీ బిగించేసి, బండిని కంపెనీ సర్వీసుకు పంపిస్తాను.