గది ఉష్ణోగ్రత అంటే ఎవరి గది?

మే నెలలో ఒక మధ్యాహ్నం మా మేనకోడలు ఫోను చేసింది. కడపలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. ఇంట్లో కేకులు చేసి పుట్టినరోజులకు ఇస్తుంటుంది.

"మామా, వీడియోలో ఆమె క్రీమ్‌కు స్క్రేపర్ రేకు ఆనించి ఒక్క తిప్పు తిప్పితే కేకు పాలిష్ బండ మాదిరి వస్తాంది. నేను తిప్పితే గోడకు పిడక కొట్టినట్టుంది. నాలుగు గంటలకు వాళ్లొస్తారు. ఏం చేయల్ల?"

నాకు కేకు చేయడం రాదు. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన ధైర్యంతో, గోడకున్న థర్మామీటరు జేబులో వేసుకుని వెళ్లాను. అప్పటికే పక్కింటావిడ వచ్చి, "అందరూ ఫోటోలు తీస్తాంటే దిష్టి తగలదా" అని ఎండుమిరపకాయలు తిప్పేసి పోయిందట. వంటింట్లో ఆ ఘాటు ఇంకా ఉంది. గిన్నెలో వెన్న, ఐసింగ్ షుగర్ కలిపిన క్రీమ్ నీరసంగా పడి ఉంది. అంచుల్లో నూనె తేలింది.

"వెన్న ఎంతసేపు బయట పెట్టినావు పాపా?"

"వీడియోలో గది ఉష్ణోగ్రతకు రానియ్యాలన్నారు. గంట పెట్టినా."

థర్మామీటరు చూశాను. 37 డిగ్రీలు.

తప్పు పిల్లది కాదు, ఆ మాటది. "గది ఉష్ణోగ్రత" అని రాసినవాళ్ల గది ఎక్కడో చలిదేశంలో ఉంది. అక్కడ హీటరు పెట్టుకుంటే 20 డిగ్రీలు వస్తుంది. మన గదిలో మే నెల మధ్యాహ్నం వెన్నను బయట పెట్టడమంటే దాన్ని నెయ్యి అయ్యే దారిలో సగం దూరం దిగబెట్టి రావడమే.

ఆరో తరగతిలో ఘన, ద్రవ, వాయు పదార్థాలు చెప్పేటప్పుడు ఏటా ఒక పిల్లో పిల్లాడో లేచి, "సార్, వెన్న ఏది?" అని అడిగేవాళ్లు. "ఘనం, కూర్చో" అనేవాణ్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే నెయ్యి గిన్నె తెచ్చి చూపించాలి.

డిసెంబరులో పేరుకున్న నెయ్యి చూడండి. పైన పూసపూసగా ఉంటుంది, పూసల మధ్య పల్చటి నూనె ఉంటుంది. వేలు పెడితే దిగుతుంది, తీస్తే గుంట అలాగే నిలుస్తుంది. ఆ పూసలు కొవ్వు స్ఫటికాలు. పాలకొవ్వు ఒకే పదార్థం కాదు, వందల రకాల కొవ్వుల మిశ్రమం. వాటిలో కొన్ని సున్నాకు ఎంతో దిగువన కూడా కరిగే ఉంటాయి, కొన్ని 40 డిగ్రీల దాకా గట్టిగా నిలుస్తాయి. అందుకే వెన్నకు ఐసుగడ్డలాగా ఒకే కరిగే స్థానం లేదు. ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు అందులోని కొవ్వు దాదాపు సగం గట్టిగా, సగం నూనెగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర గట్టి భాగం ఇంచుమించు ఐదో వంతుకు దిగుతుంది. 35 దగ్గర దాదాపు ఏమీ మిగలదు. వెన్న ఎప్పుడూ రెండూ కలిసే ఉంటుంది, ఏది ఎంత భాగం అన్నదే తేడా.

ఆ ఐదో వంతులోనే ఉంది కిటుకంతా. సన్నటి స్ఫటికాలు ఒకదాన్నొకటి తగులుకొని జల్లెడలాగా అల్లుకుంటాయి. మిగిలిన నూనె, బీటరు తిప్పినప్పుడు చొరబడిన గాలి బుడగలు, చక్కెర రేణువులు అన్నీ ఆ అల్లికలో చిక్కుకుని ఉంటాయి. మెల్లగా ముట్టుకుంటే అల్లిక ఆపుతుంది. గట్టిగా నెట్టితే తెగి, క్రీమ్ జారుతుంది. చేయి తీయగానే మళ్లీ నిలబడుతుంది. అల్లిక మరీ బిగువైతే క్రీమ్ జారే బదులు చిరుగుతుంది, కేకు పొడిని కూడా ఊడదీస్తుంది. అసలు లేకపోతే కేకు కిందికి కారుతుంది.

ఇక్కడ నెయ్యి ఇంకో సంగతి చెబుతుంది. మెల్లగా చల్లారిన నెయ్యికి పెద్ద పెద్ద పూసలు కడతాయి. అన్నంలోకి అవి ఎంత బాగుంటాయో, కేకు మీద అంత దరిద్రంగా ఉంటాయి. కరిగిపోయిన క్రీమ్‌ను అలాగే ఫ్రిజ్‌లో తోసి మర్చిపోతే అదే జరుగుతుంది. అంచులు గడ్డకడతాయి, నడుమ నీళ్లగా ఉంటుంది, కలిపితే ఇసుక తగిలినట్టుంటుంది. మా పిల్ల మొదట చేసింది ఇదే. అప్పుడు ఫ్రిజ్‌లోంచి చల్లటి వెన్న రెండు చెంచాలు ముక్కలు చేసి వేసి బీటరు తిప్పమన్నాను. గిన్నె కింద ఐసునీళ్ల పళ్లెం పెట్టించాను. పాలకు తోడు వేసినట్టే ఇది. తోడులో బతికున్న సూక్ష్మజీవులు ఉంటాయి, వెన్నలో ప్రాణం లేని స్ఫటికాలు ఉంటాయి, పోలిక అంతవరకే. చల్లటి ముక్కల్లోని సన్నటి స్ఫటికాలను చూసి కరిగిన కొవ్వు కూడా అదే దారిన, సన్నగా గట్టిపడింది. పది నిమిషాల్లో క్రీమ్ లేచి నిలబడింది. పిల్ల ముఖంలో టెన్షన్ సగం తగ్గింది.

చక్కెర సంగతి ఒక్క ముక్కలో: మిక్సీలో వేసిన పొడి జల్లించకపోతే ఎన్ని తిప్పులు తిప్పినా గరుకే. నాలుక 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువును కూడా పసిగడుతుంది. పలచటి గుడ్డలో జల్లించండి.

ఇప్పుడు గోడకు వద్దాం, ఎందుకంటే అసలు నాకు ఇష్టమైన భాగం ఇదే. నిలువుగా ఉన్న కేకు పక్కకు క్రీమ్ ఎందుకు అంటుకుని ఉంటుంది? ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ గోడకు విసిరిన సిమెంటు మాలు ఎందుకు ఉంటుందో, అందుకే. ఇలాంటి పదార్థాలు కదలాలంటే కనీసం ఇంత ఒత్తిడి పడాలి అన్న లెక్క ఉంటుంది, దాన్ని యీల్డ్ స్ట్రెస్ అంటారు. అంతకు తక్కువైతే అది ఘనం, ఎక్కువైతే ద్రవం. అమెరికా రసాయన శాస్త్రవేత్త యూజీన్ బింగ్‌హామ్ 1919లో, పెయింటు మామూలు ద్రవం కాదు, ఈ జాతి పదార్థమేనని సహచరుడితో కలిసి పత్రం రాశాడు. మరుసటి ఏడాది ఈ చదువుకు రియాలజీ అని పేరు పెట్టాడు. టూత్‌పేస్టు, గోరింటాకు ముద్ద, ఊరగాయలో ఆవపిండి ముద్ద, బటర్‌క్రీమ్ అన్నీ ఆ ఇంటివే.

లెక్క వేద్దాం. కేకు పక్కకు అర సెంటీమీటరు మందం క్రీమ్ పూశామనుకోండి. గాలి కలిసిన క్రీమ్ సాంద్రత ఘనపు మీటరుకు 800 కిలోలు అనుకుంటే, దాని బరువు కేకు అంచు దగ్గర కిందికి లాగే ఒత్తిడి 800 ఇంటూ 10 ఇంటూ 0.005, అంటే 40 పాస్కల్స్. ఆఫీసు కాగితాలు యాభై ఒకదాని మీద ఒకటి పెడితే కింది బల్ల మీద పడే ఒత్తిడి ఇంతే. క్రీమ్ యీల్డ్ స్ట్రెస్ దీనికన్నా ఎక్కువుంటే నిలుస్తుంది, తక్కువైతే జారుతుంది. ఈ లెక్కలో కేకు ఎత్తు ఎక్కడా రాలేదు, గమనించారా? మందం మాత్రమే వచ్చింది. నాలుగంగుళాల కేకైనా అడుగు కేకైనా ఒకటే, మందం రెట్టింపు చేస్తే మాత్రం లాగే ఒత్తిడి రెట్టింపు అవుతుంది. మేస్త్రీ లోపలి గోడకు 12 మిల్లీమీటర్లు ఒకే కోటు కొడతాడు, ఎక్కువ మందం కావాలంటే రెండు కోట్లుగా కొడతాడు. ఒకేసారి దట్టంగా విసిరితే పొట్టగా దిగుతుందని ఆయనకు పాస్కల్స్ తెలియకుండానే తెలుసు.

కేకువాళ్లు క్రంబ్ కోట్ అనేది మొదటి కోటే. కేకు ముక్కపొడి ఊడి పైకి తేలకుండా పలచగా మెత్తి, ఫ్రిజ్‌లో పదిహేను ఇరవై నిమిషాలు పెడతారు. పొడి ఆ పలచటి పొరలో ఇరుక్కుని గట్టిపడుతుంది. ఆపైన రెండో కోటు. మా పిల్ల ఇది మానేసింది, "టైం లేదు మామా" అని. పిడక కొట్టినట్టు వచ్చిన దానిలో సగం పాపం దీనిదే.

తాపీ పట్టు కూడా చెప్పాలి. స్క్రేపర్ నిలువుగా, కదలకుండా పట్టుకుని టర్న్‌టేబుల్, అంటే కేకు పెట్టి తిప్పే గుండ్రటి పీట, తిప్పాలి. కుమ్మరి సారె తిరుగుతుంటే చేయి ఒక్కచోట ఆనించి ఉంచుతాడు కదా, అదే కిటుకు. చేయి తిరిగితే చేయి వణుకంతా కేకు మీద రాతగా పడుతుంది. ఆగిన చేయి చక్రం గుండ్రాన్నే రాస్తుంది. సారె అరిగి ఊగితే కుండ కూడా ఊగుతుంది, టర్న్‌టేబుల్ కొనేటప్పుడు తిప్పి చూసుకోండి.

చిన్నచిన్న గుంటలు ఎందుకు పడతాయంటే, లోపలి బుడగలను స్క్రేపర్ నడుమకు కోసేస్తుంది. బీటరును గరిష్ఠ వేగంలో ఆపేయకుండా చివరి రెండు నిమిషాలు నెమ్మదిగా తిప్పి, తర్వాత గరిటెతో గిన్నె గోడకేసి అదిమి కలిపితే పెద్ద బుడగలు చస్తాయి. మిగిలిన వాటికి వేడి నీళ్లలో ముంచి తుడిచిన కత్తి చాలు. అది పైపొరను చిటికెడు కరిగించి గుంటల్లోకి తోసేస్తుంది. గోడ మీద మేస్త్రీ చివర్న సిమెంటు పాలు పులిమి స్పాంజితో రుద్దేది ఇందుకే. తుడవకుండా తడి కత్తి పెడితే మాత్రం నీటి చారలు పడతాయి.

మన ప్రాంతంలో ఇంకో శత్రువు ఉంది, ఏ వీడియో చెప్పదు. ఫ్యాన్. ఐదు నంబరు మీద గిరగిర తిరుగుతుంది, మే నెల గాలేమో బాగా పొడి. వెన్నలో నూటికి పదహారు పాళ్ల దాకా నీరుంటుంది, అందులో చక్కెర కరిగి ఉంటుంది. పైన ఆ నీరు ఆవిరైతే చక్కెర స్ఫటికాలుగా తేలి పొర కడుతుంది. ఆ పొర మీద స్క్రేపర్ పెడితే అది నున్నగా జారదు, చెక్కు లేస్తుంది. కోటు వేసేంతవరకు ఫ్యాన్ ఆపండి, చెమట కారనీయండి. కోటు పూర్తయి పొర కట్టాక మాత్రం అదే పొర పనికొస్తుంది. నున్నటి కాగితం ఆనించి అరచేత్తో మెల్లగా రుద్దితే మిగిలిన గీతలు మాయమవుతాయి.

ఆ పొడి గాలిలో ఒక వరం కూడా ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన కేకుకు విజయవాడలో చెమట పడుతుంది, మనకు అంత పట్టదు. 36 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే గాలిలో ఆవిరి 27 డిగ్రీల దగ్గరే నీళ్లుగా మారుతుంది. 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే 13 దాకా దిగాలి. పది నిమిషాల్లో కేకు పైపొర ఆ గీత దాటేస్తుంది, తడి తొందరగా ఆరిపోతుంది.

దిష్టి మాటకొస్తే, మా అమ్మ ఇంకోటి అనేది: కొందరి చేయి వేడి, వాళ్లు చిలికితే వెన్న రాదు. హస్తవాసి అని నవ్వుకునేవాణ్ని. అరచేయి 32 నుంచి 34 డిగ్రీలు ఉంటుంది, పాలకొవ్వు కరిగిపోయేది దాదాపు అక్కడే. చిలకడంలోనూ వేడెక్కితే వెన్న ముద్ద కట్టదు. అమ్మ మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. స్క్రేపర్ పిడిని పట్టుకోండి, దాని రేకు మీద అరచేయి ఆనించకండి.

అమ్మ తీసిన వెన్న ముద్దను నీళ్ల కుండలోనే వేసేది. ఎప్పుడూ ఎందుకని అడగలేదు. ఆ సాయంత్రం కేకు వాళ్లు తీసుకెళ్లాక, ఐదు గంటలకు, అది గుర్తొచ్చింది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉన్నప్పుడు తడిగుడ్డ దగ్గర నీరు ఆవిరవుతూ దిగగలిగే అత్యంత చల్లదనం 23 డిగ్రీల దగ్గర ఉంటుంది. కుండ అంతదాకా దిగదు, కానీ దగ్గరికి వస్తుంది. మా వరండాలో ఉన్న కుండకు తడిగుడ్డ చుట్టి, రాత్రంతా ఉంచి, మర్నాడు మధ్యాహ్నం థర్మామీటరు లోపల వేశాను. గది 37, కుండ 25న్నర.

పిల్లను పిలిచి, మూతబిగించిన డబ్బాలో వెన్న వేసి కుండలో దించాం. గంట తర్వాత తీసి ఆమె వేలితో నొక్కింది. గుంట పడి, అలాగే నిలిచింది. రెండు క్షణాలు చూసి, "కాస్త మెత్తగానే ఉంది మామా, ఫ్రిజ్‌లో ఐదు నిమిషాలు పెడితే చాలు" అంది. డబ్బా పట్టుకుని ఆమె వాళ్లింటికి వెళ్లింది, నేను గుడ్డ మళ్లీ తడిపాను.